పైపు లైనుకి ఏ స్టీలు? కాగితం దగ్గర మొదలుపెట్టి, నీళ్ళు ఆరబెట్టేదాకా

నా టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక పైపు ముక్క పెట్టుకుంటాను. రెండు ఇంచుల 304 స్టెయిన్‌లెస్ పైపు, జానెడు పొడవున కోసి నిలువుగా చీల్చింది. బయటి నుంచి చూస్తే వెల్డు పక్కన గుండుసూది మొనంత చుక్క తప్ప ఏమీ కనబడదు. చీల్చిన అంచు వైపు తిప్పితే తెలుస్తుంది సంగతి. గోడ మందం 2.77 మి.మీ., ఆ మందం మధ్యలో ఆవగింజ పట్టేంత బొరియ. లోపలి ముఖం మీదా బయటి ముఖం మీదా సన్నటి రంధ్రం, మధ్యలో అంతా డొల్ల.

ఆ లైను వాడకంలోకి రాకముందే పోయింది. పక్కనే అదే వారం వేసిన మామూలు ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు) లైను మాత్రం ఒళ్ళంతా ఎర్రగా తుప్పు పట్టి కూడా చుక్క కారలేదు. ఖరీదైనది చిల్లుపడింది, చవకది నిలిచింది. ఆ సైటులో పైపింగ్ చూసుకున్నవాడిని నేనే కాబట్టి ఎవరినీ తిట్టే వీల్లేకపోయింది. ఎందుకలా జరిగిందో చివర్లో చెబుతాను. అప్పటినుంచి ‘ఏ స్టీలు మంచిది’ అని ఎవరైనా అడిగితే, ఏ స్టీలు దేనితో చస్తుందో చెబుతాను. ఎంపిక అక్కడినుంచే మొదలవ్వాలి.

1. ముందు కాగితం మీద రాసుకోండి

షాపుకి వెళ్ళేముందు ఐదు సంగతులు రాసుకోవాలి. లోపల పారేది ఏమిటి, ఎంత గాఢత. ఉష్ణోగ్రత మామూలుగా ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, తక్కువలో తక్కువ ఎంత. ఒత్తిడి ఎంత. బయట వాతావరణం ఎలాంటిది: సముద్రం పక్కనా, భూమిలో పాతేదా, ఇన్సులేషన్ కిందా? ఐదోది అందరూ వదిలేసేది: లైను ఆగినప్పుడు, కడిగినప్పుడు, టెస్ట్ చేసినప్పుడు ఆ పైపులో ఏముంటుంది?

ఒక లైనులో రోజంతా 30 డిగ్రీల నీళ్ళే పారుతుండవచ్చు. కానీ వారానికోసారి ఆవిరితో కడుగుతారనుకోండి, ఆ పైపుకి మీరు రాయాల్సిన ఉష్ణోగ్రత 30 కాదు, 130. గాస్కెట్లూ సపోర్టులూ అన్నీ దాన్ని బట్టే మారతాయి. పైపుని దాని మామూలు రోజు చూసి కాదు, గడ్డు రోజు చూసి ఎంచుకోవాలి.

2. ఎవరెవరు ఉన్నారో ఒకసారి చూద్దాం

మన దగ్గర అందరూ ఎమ్మెస్ అనేది కార్బన్ స్టీలే. ఇనుములో కాస్త కార్బన్, కాస్త మాంగనీసు. ఇందులోనే రకాలున్నాయి. నీళ్ళకీ గాలికీ ఫైర్ లైన్లకీ వాడేది ఐఎస్ 1239 పైపు. 150 మి.మీ. బోరు వరకూ ఈ ప్రమాణంలో దొరుకుతుంది, ఆపైన పెద్ద నీటి పైపులకి ఐఎస్ 3589. ఫ్యాక్టరీలో ఆవిరి, ఆయిల్, ప్రాసెస్ లైన్లకి ఎక్కువగా అడిగేది ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణంలోని ఏ106 గ్రేడ్ బి. ఇది సీమ్‌లెస్, అంటే అతుకు లేని పైపు. ఏ53 గ్రేడ్ బి బలంలో దానికి సమానమే, రెండిటి యీల్డ్ బలం, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం, 240 మెగాపాస్కల్స్. కానీ ఏ53 పైపు ఈఆర్‌డబ్ల్యూ, అంటే పొడవునా అతుకు వేసినది కూడా కావచ్చు. ఏ106 ఎక్కువ వేడికని చేసిన పైపు, అందులో సిలికాన్ కనీసం 0.10 శాతం ఉండాలని నియమం. ఊళ్ళ మధ్య గ్యాస్, క్రూడ్ మోసే పెద్ద లైన్లకి ఏపీఐ 5ఎల్. అందులో ఎక్స్52, ఎక్స్65, ఎక్స్70 అని ఉండే అంకె యీల్డ్ బలం, చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్ల లెక్కన.

జీఐ అంటే ఎమ్మెస్ పైపే, పైన జింకు పూత. అంతకుమించి వేరే స్టీలు కాదు.

అలాయ్ స్టీలు అంటే ఏ335 కుటుంబం. పీ11లో క్రోమియం ఒకటింపావు శాతం, మాలిబ్డినం అర శాతం. పీ22లో రెండుంపావు, ఒకటి. పీ91లో తొమ్మిది, ఒకటి, దానికి తోడు కొద్దిగా వెనేడియం. వీటిలో క్రోమియం చూసి తుప్పు పట్టవనుకుంటారు కొందరు. పడతాయి. ఇవి వేడిని తట్టుకోడానికి పుట్టినవి.

స్టెయిన్‌లెస్ పైపులు ఏ312 కిందికి వస్తాయి. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం నుంచి మొదలు. 316లో వాటికి తోడు మాలిబ్డినం 2 నుంచి 3 శాతం. పేరు చివర ‘ఎల్’ ఉంటే కార్బన్ తక్కువని. డ్యూప్లెక్స్ 2205 అంటే 22 శాతం క్రోమియం, 5 శాతం నికెల్, 3 శాతం మాలిబ్డినం. బలం 304కి రెట్టింపు దాకా ఉంటుంది.

3. ద్రవాన్ని బట్టి కొట్టేయడం మొదలుపెట్టండి

మొదట కొట్టేయాల్సింది స్టీలునే. హైడ్రోక్లోరిక్ యాసిడ్, హైపోక్లోరైట్, ఫెర్రిక్ క్లోరైడ్: ఈ మూడింటికి ఎమ్మెస్ వద్దు, 304 వద్దు, 316 కూడా వద్దు. పీపీ ప్లాస్టిక్ పైపో, ఎఫ్‌ఆర్‌పీనో (గాజు పీచు కలిపిన ప్లాస్టిక్), లోపల రబ్బరు తాపడం వేసిన పైపో చూసుకోవాలి. బ్లీచింగ్ ద్రావణానికి ‘మంచిది వేద్దాం’ అని 316 వేసి, కొద్ది నెలలకే మార్చినవాళ్ళని చూశాను.

సల్ఫ్యూరిక్ యాసిడ్ కథ తలకిందులుగా ఉంటుంది. 98 శాతం గాఢమైన యాసిడ్‌ని మామూలు ఉష్ణోగ్రతలో కార్బన్ స్టీలు మోస్తుంది. గోడ మీద ఐరన్ సల్ఫేట్ పొర ఏర్పడి అదే కాపు కాస్తుంది. అందుకే వేగం సెకనుకి మీటరు లోపే ఉంచుతారు, లేకపోతే ఆ పొర కొట్టుకుపోతుంది. అదే యాసిడ్‌లో నీళ్ళు కలిసి పలచబడితే కార్బన్ స్టీలుని నమిలేస్తుంది. అంటే ఆ లైను నీళ్ళతో కడగాలని ఎవరికైనా బుద్ధి పుడితే ప్రమాదం అప్పుడే. పైన చెప్పిన ఐదో ప్రశ్న ఇందుకే.

కాస్టిక్ సోడా చల్లగా, 50 డిగ్రీల లోపు ఉంటే కార్బన్ స్టీలు చాలు. వేడి పెరిగితే వెల్డుల దగ్గర పగుళ్ళు వస్తాయి, వెల్డు చేశాక వేడి చేసి స్ట్రెస్ తీయించాలి. పొడి క్లోరిన్ గ్యాస్‌కి కార్బన్ స్టీలు పనికొస్తుంది, తడి తగిలిన క్లోరిన్‌కి పనికిరాదు. డీఎం నీళ్ళకి, అంటే లవణాలన్నీ తీసేసిన నీళ్ళకి, కార్బన్ స్టీలు వేస్తే పైపు వెంటనే పోదు గానీ నీళ్ళలో ఇనుము చేరుతుంది, నీళ్ళు శుద్ధి చేసిన కష్టమంతా వృథా. అక్కడ 304ఎల్ సరైనది. మందుల కంపెనీల్లో ఇంజెక్షన్లకి వాడే నీళ్ళ లూపులకి 316ఎల్, లోపల అద్దంలా పాలిష్ చేసింది వేస్తారు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు పనిచేసేవాళ్ళకి ఇది రోజూ చూసే సరుకే.

క్రూడ్‌లోనో గ్యాస్‌లోనో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే అది వేరే లోకం. గల్ఫ్ సైట్లలోనూ జామ్‌నగర్‌లోనూ చేసొచ్చిన మన ఫిట్టర్లు ‘సోర్ సర్వీస్’ అనే మాట అక్కడే నేర్చుకుంటారు. అక్కడ బలమైన స్టీలు ఎంత గట్టిగా ఉంటే అంత ప్రమాదం. కార్బన్ స్టీలు గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 22 దాటకూడదని నియమం. వెల్డు త్వరగా చల్లారి గట్టిపడినా అదే లెక్క, అందుకే అక్కడ ప్రతి వెల్డుకీ గట్టిదనం కొలుస్తారు.

జీఐ సంగతి త్వరగా ముగిద్దాం. చల్లటి నీళ్ళకి, థ్రెడ్ ఫిట్టింగులతో, చిన్న సైజుల్లో సరే. 60 డిగ్రీలు దాటిన నీళ్ళకి వద్దు, ఆ వేడిలో జింకు కాపు కాయడం మానేసి ఇనుముకే ఎదురు తిరగొచ్చు. జీఐ మీద వెల్డింగ్ అసలు వద్దు. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం, పైగా వెల్డు దగ్గర పూత పోయి అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది.

4. తర్వాత ఉష్ణోగ్రత

చలివైపు నుంచి చూద్దాం. మామూలు కార్బన్ స్టీలు మైనస్ 29 డిగ్రీల దాకా అని పైపింగ్ స్పెసిఫికేషన్లలో సాధారణంగా రాస్తారు. అంతకన్నా చల్లబడితే స్టీలు గాజులా పెళుసవుతుంది, దెబ్బ తగిలితే వంగకుండా పగులుతుంది. మామూలు వాతావరణ ఒత్తిడిలో ద్రవ అమ్మోనియా మైనస్ 33 దగ్గర ఉంటుంది, విశాఖ, కాకినాడ వైపు ఎరువుల కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి తెలుసు. ఆ నాలుగు డిగ్రీల తేడాకే ఏ106 వదిలి, మైనస్ 45 దగ్గర కొట్టి పరీక్షించిన ఏ333 గ్రేడ్ 6 తీసుకోవాలి. ఎల్‌ఎన్‌జీ మైనస్ 162, ద్రవ నైట్రోజన్ మైనస్ 196. అక్కడ 304ఎల్‌కి తిరుగులేదు, ఎంత చల్లబడినా అది పెళుసు కాదు.

వేడివైపు కార్బన్ స్టీలుకి 427 డిగ్రీలు గుర్తుపెట్టుకోండి. ఆపైన ఏళ్ళ తరబడి వాడితే స్టీలులోని కార్బైడ్లు విడిపోయి గ్రాఫైట్‌గా మారతాయి, పెన్సిల్‌లో ఉండే నల్లటి పదార్థం అదే. పైపు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, బలం ఉండదు. అందుకని ఆపై వేడికి పీ11, పీ22. థర్మల్ స్టేషన్లలో 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్ల ప్రధాన ఆవిరి లైన్లకి పీ91, పీ92 వేస్తారు. అదే వేడికి పీ22 వాడితే గోడ ఎంతో మందం వేయాల్సి వస్తుంది, మందం పెరిగితే ప్రతి స్టార్టప్‌కీ లోపలికీ బయటికీ వేడి తేడా వచ్చి పగులుతుంది.

డ్యూప్లెక్స్ బలం చూసి వేడి లైన్లకి వాడబోకండి. 300 డిగ్రీల దగ్గరే ఆగాలి. 475 డిగ్రీల చుట్టుపక్కల అది పెళుసెక్కిపోతుంది.

మామూలు ఫ్యాక్టరీ బాయిలర్ ఆవిరి 10 బార్ దగ్గర 184 డిగ్రీలే. దానికి ఏ106 గ్రేడ్ బి హాయిగా సరిపోతుంది. ఆవిరి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 3.5 కిలోలు దాటితే ఆ లైను ఐబీఆర్ (భారత బాయిలర్ నిబంధనలు) కిందికి వస్తుంది కాబట్టి, పైపూ ఫిట్టింగులూ వాల్వులూ అన్నీ ఐబీఆర్ సర్టిఫికెట్‌తోనే కొనాలి. కొన్నాక ఆ కాగితం తెప్పించుకోవడం జరగని పని. ఆవిరి చల్లారి నీళ్ళుగా తిరిగొచ్చే కండెన్సేట్ లైనుకి మాత్రం ఒత్తిడి తక్కువ కదా అని పలచటి పైపు వేయొద్దు. అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ యాసిడ్‌గా మారి పైపు అడుగున గాడి కోస్తుంది. అక్కడ షెడ్యూల్ 80 (షెడ్యూల్ అంటే గోడ మందం తరగతి, అంకె పెరిగితే మందం పెరుగుతుంది) వేయడం పాతవాళ్ళ అలవాటు, మంచి అలవాటు.

5. స్టెయిన్‌లెస్ దగ్గర కాసేపు ఆగాలి

ఎక్కువ డబ్బు తగలేసేదీ ఎక్కువ పొరపాట్లు చేసేదీ ఇక్కడే.

స్టెయిన్‌లెస్‌ని కాపాడేది దాని మీద ఉండే కంటికి కనబడని క్రోమియం ఆక్సైడ్ పొర. గీత పడితే గాలి తగిలి దానంతటదే మళ్ళీ పూడుకుంటుంది. ఆ పొరకి శత్రువు క్లోరైడ్, అంటే ఉప్పు. కార్బన్ స్టీలు తుప్పు పడితే ఒళ్ళంతా సమానంగా అరుగుతుంది, అరుగుతోందని కనబడుతుంది, ఏడాదికెంత పోతోందో కొలవొచ్చు. స్టెయిన్‌లెస్ అలా కాదు. మిగతా అంతా వెండిలా మెరుస్తూనే, ఒక్క చోట బొరియ పడి గోడ దాటేస్తుంది.

మామూలు ఉష్ణోగ్రతలో పారే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే 304, 1000 లోపు ఉంటే 316 అని మా పనిలో మోటుగా ఒక లెక్క వేసుకుంటాం. బోరు నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించడానికి పెద్దగా ఖర్చు కాదు, చేయించకుండా స్టెయిన్‌లెస్ ఆర్డర్ పెట్టడం చీకట్లో బాణం వేయడమే. వేడి 60 డిగ్రీలు దాటితే ఈ లెక్క చెల్లదు. అప్పుడు బొరియలతో ఆగదు, వెల్డుల దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. 304 అయినా 316 అయినా ఇంచుమించు ఒకటే, 316 కాస్త ఆలస్యంగా పగులుతుంది, అంతే. ఉప్పుతో కూడిన వేడి నీళ్ళకి డ్యూప్లెక్స్ చూడాలి. సముద్రపు నీళ్ళు నేరుగా పారే లైనుకి 316 వేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సూపర్ డ్యూప్లెక్స్, లేకపోతే ఎఫ్‌ఆర్‌పీ.

ఉప్పు లోపలినుంచే రానక్కర్లేదు. విశాఖ తీరంలో ఇన్సులేషన్ చుట్టిన వేడి 304 లైను ఉందనుకోండి. పైన అల్యూమినియం రేకు ఎక్కడో చిరిగింది, వాన నీళ్ళు లోపలికి పోయాయి, వేడికి ఆవిరయ్యాయి, ఉప్పు అక్కడే మిగిలింది. ప్రతి వానకీ ఇంకాస్త. పైపు బయటినుంచి పగులుతుంది. అందుకే తీరంలో స్టెయిన్‌లెస్ అయినా ఇన్సులేషన్ కింద పెయింట్ వేస్తారు. స్టెయిన్‌లెస్‌కి పెయింటేమిటని నవ్వేవాళ్ళు ఉంటారు, నవ్వనివ్వండి.

304కీ 304ఎల్‌కీ తేడా వెల్డింగ్‌లో బయటపడుతుంది. వెల్డు పక్కన 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఉన్న భాగంలో కార్బన్ వెళ్ళి క్రోమియంని లాక్కుంటుంది. ఆ గీత వెంట కాపు కాసే క్రోమియం తగ్గిపోయి, తర్వాత తుప్పు అక్కడే తింటుంది. కార్బన్ తక్కువున్న ఎల్ రకంలో ఈ బాధ ఉండదు. వెల్డింగ్ ఉన్న ప్రతి లైనుకీ నేను ఎల్ రకమే రాస్తాను. ఈమధ్య మిల్లులు 304, 304ఎల్ రెండు పేర్లకీ సరిపోయే పైపు ఇస్తున్నాయి కాబట్టి ధరలో పెద్ద తేడా కూడా ఉండదు.

ఇంకో సంగతి: స్టెయిన్‌లెస్ ఎక్కువ సాగుతుంది. 30 మీటర్ల లైను 30 నుంచి 180 డిగ్రీలకి వేడెక్కితే కార్బన్ స్టీలు సుమారు 54 మి.మీ. పెరుగుతుంది, 304 సుమారు 77 మి.మీ. పాత ఎమ్మెస్ లైను తీసేసి అవే సపోర్టుల మీద స్టెయిన్‌లెస్ పెడితే మూలల్లో ఎల్బోలు మూలగడం మొదలవుతుంది.

6. మందం లెక్క, దాంతోపాటే ధర లెక్క

ఇది ఒక్కసారి చేతితో వేసి చూడండి, చాలా భ్రమలు పోతాయి. నాలుగు ఇంచుల పైపు, 10 బార్ ఒత్తిడి, అంటే 1 మెగాపాస్కల్. నాలుగు ఇంచులన్నా బయటి వ్యాసం 114.3 మి.మీ. అని మర్చిపోకండి. షెడ్యూల్ ఏదైనా బయటి కొలత మారదు, లోపలిదే మారుతుంది. ఏఎస్ఎంఈ బీ31.3 అనే పైపింగ్ కోడ్ ప్రకారం ఒత్తిడిని వ్యాసంతో గుణించి, అనుమతించే స్ట్రెస్‌కి 0.4 రెట్ల ఒత్తిడి కలిపి దాన్ని రెట్టింపు చేసి, దాంతో భాగించాలి. ఏ106 గ్రేడ్ బికి 200 డిగ్రీల దాకా అనుమతించే స్ట్రెస్ 138 మెగాపాస్కల్స్. 114.3ని 276.8తో భాగిస్తే 0.41 మి.మీ.

అవును, 10 బార్ ఆపడానికి అర మిల్లీమీటరు కూడా అక్కర్లేదు. దానికి తుప్పు కోసం 3 మి.మీ. కలుపుతాం, 3.41. మిల్లు నుంచి వచ్చిన పైపు చెప్పిన మందానికి 12.5 శాతం తక్కువ ఉండొచ్చు కాబట్టి 0.875తో భాగిస్తే 3.9. షెడ్యూల్ 40 మందం 6.02, దండిగా సరిపోతుంది. అంటే మీరు కొనే స్టీలులో ఎక్కువ భాగం ఒత్తిడికి కాదు, తుప్పుకి ముందే కట్టే మేత. మిగిలింది వంగకుండా నిలబడడానికి.

ఇప్పుడు అదే లైను, ద్రవం అనుకూలమైనదైతే, 304ఎల్‌తో చూడండి. ఎల్ రకానికి అనుమతించే స్ట్రెస్ కాస్త తక్కువ, అయినా అర మిల్లీమీటరు చుట్టుపక్కలే వస్తుంది. తుప్పు కోసం కలపాల్సింది సున్నా. షెడ్యూల్ 10ఎస్, 3.05 మి.మీ. చాలు. షెడ్యూల్ 40 కార్బన్ స్టీలు మీటరుకి 16 కిలోలు, షెడ్యూల్ 10ఎస్ స్టెయిన్‌లెస్ సుమారు ఎనిమిదిన్నర. కిలో ధర మూడు రెట్లయినా మీటరుకి అయ్యేది సుమారు ఒకటిన్నర రెట్లే. పెయింట్ ఖర్చు లేదు. ధరని ఎప్పుడూ కిలోకి కాదు, మీటరుకి అడగండి. బరువు మీరే లెక్క కట్టుకోవచ్చు: బయటి వ్యాసంలోంచి మందం తీసేసి (రెండూ మి.మీ.లో), మళ్ళీ మందంతో గుణించి, దాన్ని 0.02466తో గుణిస్తే కార్బన్ స్టీలు పైపు మీటరు బరువు కిలోల్లో వస్తుంది. షాపులో తూకం దగ్గర ఈ ఒక్క అంకె చాలాసార్లు ఆదుకుంది.

7. షాపులో

ఐఎస్ 1239 పైపు మీద రంగు పట్టీ ఉంటుంది. పసుపు లైట్, నీలం మీడియం, ఎరుపు హెవీ. హెవీనే మనవాళ్ళు సి క్లాసు అంటారు. ‘సి క్లాసూ షెడ్యూల్ 40 ఒకటేనండీ’ అని షాపులో చెబుతారు. ఒకటి కాదు. 100 మి.మీ. సి క్లాసు మందం 5.4, షెడ్యూల్ 40ది 6.02. ఫైర్ లైనుకి సి క్లాసు సరిపోతుంది, ఏ106 షెడ్యూల్ 40 రాసిన ఆవిరి లైనుకి అది ప్రత్యామ్నాయం కాదు. రంగు పట్టీ ఎవరైనా పూయొచ్చు కాబట్టి జేబులో వెర్నియర్ పెట్టుకుని రెండు చివర్లా, నాలుగు వైపులా కొలవండి.

సీమ్‌లెస్, స్టెయిన్‌లెస్ పైపుల మీద పొడవునా ముద్ర ఉంటుంది: తయారీదారు, ప్రమాణం, గ్రేడ్, సైజు, షెడ్యూల్, హీట్ నంబరు. హీట్ నంబరు అంటే ఆ స్టీలు కరిగించిన దఫా సంఖ్య. మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌లో అదే నంబరు ఉండాలి. సర్టిఫికెట్ జిరాక్సు చూపించి పైపు మీద ముద్ర గీకేసి ఉంటే అక్కడే ఆగండి. ఇలాంటి చోట నేనైతే బేరం కూడా ఆడను. ఈఎన్ 10204 ప్రకారం 3.1 రకం సర్టిఫికెట్ అడగండి. పైపు ముక్కలు కోసేటప్పుడు మిగిలిన ముక్క మీదకి కూడా ఆ నంబరు ఎక్కించాలి, లేకపోతే సాయంత్రానికి ఏది ఏదో ఎవరికీ తెలియదు.

అయస్కాంతం పరీక్షని నమ్మకండి. అయస్కాంతం అంటుకోకపోతే 304 అనుకుంటారు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 సిరీస్ స్టీలుకి కూడా అంటుకోదు, మార్కెట్లో దాన్నే 304 అని అమ్మేవాళ్ళకి అది బాగా తెలుసు. అసలు 304 అయినా వంచినచోట కాస్త అంటుకోవచ్చు. పెద్ద ఆర్డరైతే ఎక్స్‌రే గన్‌తో పరీక్ష చేయించండి, నికెల్, మాలిబ్డినం శాతం క్షణాల్లో చూపిస్తుంది. కానీ ఆ గన్‌కి కార్బన్ కనబడదు. 304కీ 304ఎల్‌కీ తేడా అది చెప్పలేదు, దానికి స్పార్కు పెట్టి చూసే ఓఈఎస్ యంత్రమో సర్టిఫికెట్టో కావాలి.

8. ఫ్యాబ్రికేషన్

ఎమ్మెస్ కోసిన గ్రైండింగ్ వీల్‌తో స్టెయిన్‌లెస్ కోయకూడదు. వైర్ బ్రష్ కూడా వేరే ఉండాలి. ఇనుము రజను స్టెయిన్‌లెస్ మీద అతుక్కుంటే వారంలో అక్కడ ఎర్ర చుక్కలు, తర్వాత బొరియలు. వీలైతే రెండింటి యార్డులూ వేరుగా పెట్టండి, వీల్లేకపోతే కనీసం వీల్సుకి రంగు పూయించండి.

ఫిల్లర్ రాడ్డు 304ఎల్‌కి 308ఎల్, 316ఎల్‌కి 316ఎల్, ఎమ్మెస్‌కీ స్టెయిన్‌లెస్‌కీ కలిపేచోట 309ఎల్. స్టెయిన్‌లెస్ రూట్, అంటే వెల్డులో మొదటి పొర, వేసేటప్పుడు పైపు లోపల ఆర్గాన్ నింపాలి. నింపకపోతే లోపల పంచదార పేరుకున్నట్టు నల్లగా గరుకుగా తయారవుతుంది, వెల్డర్లు దాన్ని షుగరింగ్ అనే పిలుస్తారు. బయటినుంచి బీడు అందంగానే ఉంటుంది కాబట్టి, మొదటి రెండు మూడు జాయింట్లు కోయించి లోపల మీ కళ్ళతో చూడండి. వెల్డు పక్కన నీలం రంగు మచ్చలు పిక్లింగ్ పేస్టుతో (యాసిడ్ పేస్టు) తీయించాలి, అవి అందం కోసం తీసేవి కావు.

పీ22, పీ91 పని మామూలు వెల్డరుకి ఇవ్వకండి. పీ91కి వెల్డుకి ముందు సుమారు 200 డిగ్రీలకి వేడి చేయాలి, వెల్డయ్యాక 750 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. ఆ వేడి లెక్కలో తేడా వస్తే అంత ఖరీదైన పైపూ మామూలు పైపు కన్నా అధ్వానం.

9. హైడ్రోటెస్ట్, ఆ తర్వాత

లైనులో నీళ్ళు నింపి, డిజైన్ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి టెస్ట్ చేస్తాం. కార్బన్ స్టీలుకి శుభ్రమైన నీళ్ళు చాలు. స్టెయిన్‌లెస్‌కి క్లోరైడ్ లీటరుకి 50 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీళ్ళు, వీలైతే డీఎం నీళ్ళు. టెస్ట్ అయిన రోజే దింపాలి. లైనులో అన్నిటికన్నా కిందున్నచోట డ్రెయిన్ లేకపోతే ముందే పెట్టించండి. ఆపైన నూనె లేని పొడి గాలి కొట్టించాలి, చివర్లో తడి రావడం ఆగేదాకా.

నా టేబుల్ మీది ముక్క సంగతి ఇదే. అది డీఎం నీళ్ళ లైను, 304 సరైన ఎంపికే. టెస్టుకి ట్యాంకర్ రాలేదని పక్కన బోరు నీళ్ళు నింపాం. టెస్ట్ పాసైంది, సంతకాలయ్యాయి. ప్లాంటు మొదలవడం రెండు నెలలు ఆలస్యమైంది, ఎండాకాలం, నీళ్ళు లోపలే ఉండిపోయాయి. నిలవున్న నీళ్ళలో ఉప్పూ మట్టీ బ్యాక్టీరియా అడుగుకి చేరి వెల్డుల పక్కన పని మొదలుపెట్టాయి. మొదట ఒక చుక్క కనబడితే దాని మీద వెల్డు చేయించాను, వారంలో పక్కన రెండొచ్చాయి. బొరియ మీద వెల్డు పెడితే డొల్ల గోడకి అతుకేసినట్టే. చివరికి అరవై మీటర్లు మార్చాం.

కొత్త లైనుకి 316ఎల్ వేయమని అందరూ అన్నారు. నేను 304ఎల్ మాత్రమే వేయించాను, డీఎం నీళ్ళతో టెస్ట్ చేయించి ఆ సాయంత్రమే దింపించాను, రాత్రంతా గాలి కొట్టించాను. పొద్దున డ్రెయిన్ దగ్గర తెల్ల కాగితం పట్టి చూస్తే తడి అంటలేదు. అప్పుడు మూత బిగించి తేదీ వేయించాను.